బారాత్‌లో హిట్టయితే లెక్కలోకి రాదా?

తెలుగులో సినిమా బయట పాట బతకదు అని మా ఆఫీసులో ఒక సిద్ధాంతం ఉంది. లంచ్ దగ్గర పాటల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు. ఇంగ్లీషు వాళ్లకి సింగిల్ ఉంటుంది, దానికో చార్టు ఉంటుంది, ఈ వారం ఎన్నో నంబరు, పోయిన వారం ఎన్నో నంబరు అని ఒక కథ ఉంటుంది. మనకేముంది, సినిమా రిలీజుకి ముందు వదిలే "ఫస్ట్ సింగిల్", అదీ ట్రైలర్‌కి చెల్లెల్లాంటిది, అంతే కదా అంటారు. నాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. మనకి సింగిల్స్ ఉన్నాయి. హిట్లూ ఉన్నాయి. లేనిదల్లా లెక్క. ఆ లెక్క లేకపోవడం వల్ల నష్టపోయేది మీరూ నేనూ కాదు, పాట రాసినవాళ్లూ, బాణీ కట్టినవాళ్లూ.

దీనికి నేను చెప్పే ఉదాహరణ 2021లో వచ్చిన "బుల్లెట్టు బండి". ఇక్కడ కొంతమంది మొహం పక్కకి తిప్పుకుంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. దాని దగ్గరికి వచ్చేముందు ఒక డిస్కో పాట కథ చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు పాటలూ పైకొచ్చిన దారి దాదాపు ఒకటే.

1974, లండన్. బెంగళూరులో పుట్టి, పాటలు చేద్దామని అక్కడికి చేరిన బిడ్డు అనే మనవాడు, జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్ చేత ఒక సోల్ పాట పాడించాడు. రికార్డుకి రెండు వైపులుంటాయి కదా, వెనకవైపుకి కూడా ఏదో ఒకటి కావాలి. స్టూడియో టైము అయిపోవస్తోంది. డగ్లస్ దగ్గరున్న మాటల్లో కుంగ్‌ఫూ మీద రాసుకున్నవి తీసుకుని, ఉన్న కాసేపట్లో రెండు టేకుల్లో కానిచ్చేశారు. మన భాషలో చెప్పాలంటే శుక్రవారం సాయంత్రం చేసిన హడావుడి కమిట్. కంపెనీలో ఒకాయన విని, ఇదేంటి వెనక పెట్టారు, ముందువైపు వేయండి అన్నాడు. అదే "కుంగ్‌ఫూ ఫైటింగ్".

రిలీజయ్యాక మొదటి కొన్ని వారాలు రేడియో వాళ్లు పట్టించుకోలేదు. దాన్ని లేపింది డాన్సు క్లబ్బులు. అక్కడ జనం గంతులేయడం మొదలుపెట్టాక షాపులకొచ్చి అడిగారు, షాపులు లెక్క చెప్పాయి, లెక్క చార్టుకెక్కింది, చార్టు చూసి రేడియో దారికొచ్చింది. సెప్టెంబర్లో బ్రిటన్లో నంబర్ వన్. డిసెంబర్లో అమెరికాలో నంబర్ వన్. ఆ బిడ్డూయే తర్వాత 1980లో "కుర్బానీ"కి నాజియా హసన్ చేత ఒక పాట పాడించి డిస్కోని మన దేశంలో ఇంటింటికీ తెచ్చాడు. ఆ గాలి మన వైపు వీచేసరికి మాత్రం అది పూర్తిగా సినిమా సరుకైపోయింది. 1984లో బాలకృష్ణ "డిస్కో కింగ్", 1986లో కృష్ణగారి "సింహాసనం"కి బప్పీ లహరి. కత్తులూ కిరీటాలూ ఉన్న జానపద సినిమాకి, అదీ తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమాకి, డిస్కో మనిషిని పిలిపించడం మనకే చెల్లింది :) పాటలు బ్రహ్మాండంగా నడిచాయి, అది వేరే విషయం.

బిడ్డు కథలో నాకు నచ్చేది మధ్యలో ఉన్న గొలుసు. నేల మీద గంతులేసినవాళ్ల నుంచి చార్టు దాకా ఒక దారి ఉంది. అమెరికాలో ఆ దారిని ఇంకా గట్టిగా వేసుకున్నారు. 1974 అక్టోబర్లో బిల్‌బోర్డ్ పత్రిక టామ్ మోల్టన్ చేత డిస్కోకి వేరే శీర్షిక మొదలుపెట్టించింది. న్యూయార్క్ క్లబ్బుల్లో జనం ఏ పాటకి లేచి ఆడుతున్నారో డీజేల దగ్గర కనుక్కుని వేయడం దాని పని. ఆ మరుసటి ఏడు డేవిడ్ మాంకుసో వగైరా డీజేలు కలిసి రికార్డు పూల్ అని ఒకటి పెట్టుకున్నారు. కంపెనీలు కొత్త రికార్డులు ఉచితంగా ఇవ్వాలి, డీజేలు అది వేసినప్పుడు జనం ఏం చేశారో రాసి ఇవ్వాలి. ఫీడ్‌బ్యాక్ లూప్ అంటే ఇదే. కంప్యూటర్ లేదు, డాష్‌బోర్డు లేదు, కాగితాలు మాత్రమే.

ఇప్పుడు మన పాట. "బుల్లెట్టు బండి" 2021 ఏప్రిల్లో యూట్యూబ్‌లో వచ్చింది. పాడింది మోహన భోగరాజు. "బాహుబలి"లో "మనోహరి", "అరవింద సమేత"లో "రెడ్డమ్మ తల్లి" పాడిన గొంతే. వీడియోలో కూడా ఆవిడే ఉన్నారు. రాసింది లక్ష్మణ్. సంగీతం ఎస్.కె. బాజి. విడుదల చేసింది బ్లూ రాబిట్ ఎంటర్‌టైన్‌మెంట్స్. హీరో లేడు, సినిమా లేదు, ఆడియో ఫంక్షన్ లేదు. పెళ్లికూతురు తన మాటగా కాబోయేవాడితో చెప్పుకునే పాట. తెలంగాణ మాట, తెలంగాణ దెబ్బ. అచ్చంగా సింగిల్ అంటే ఇదే కదా మరి?

జానపదాలు వినే జనానికి అది ఏప్రిల్లోనే తెలుసు. మన ఐటీ వాళ్లకి తెలిసింది ఆగస్టులో. మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు తన బారాత్‌లో, పెళ్లికొడుకు ఎదురుగా, నగలూ పట్టుచీరా మీదే ఈ పాటకి ఆడింది. ఎవరో ఫోన్లో తీశారు. ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. వారం తిరక్కుండా టీవీ చానెళ్లన్నీ అదే. ఆ సీజన్లో పెళ్లయిన ప్రతి పెళ్లికూతురినీ చుట్టాలు, "నువ్వు కూడా ఆడు పిల్లా" అని లాగడం మొదలుపెట్టారు. ఆడలేనివాళ్లకి కొంచెం ఇబ్బందే పాపం.

ఆ వీడియో అంతగా ఎందుకు పట్టుకుంది అనేదానికి నా దగ్గర ఒక సమాధానం ఉంది. మన బారాత్‌లో ఆడేది ఎప్పుడూ మగపిల్లలు. పెళ్లికొడుకు ఫ్రెండ్సు, బావమరుదులు, కాస్త మందు పడిన బాబాయిలు. పెళ్లికూతురు కార్లో తలవంచుకుని కూర్చోవాలి. అప్పగింతల పాటలన్నీ ఏడుపు పాటలే, ఏడవకపోతే "చూడు, దీనికి అమ్మానాన్నల మీద ప్రేమే లేదు" అని అనేవాళ్లుంటారు. ఈ పాటలో పిల్ల పుట్టిల్లు వదిలి వెళ్లడం గురించే చెబుతుంది, కానీ ఎదురుచూపుతో చెబుతుంది. ఆ మాటలు అంతకుముందే పాటలో ఉన్నాయి. మంచిర్యాల అమ్మాయి వాటిని నమ్మి నేల మీదికి దిగింది. లక్ష్మణ్ రాసినదాన్ని ఆవిడ పూర్తి చేసిందని నేనంటాను. కుంగ్‌ఫూ ఫైటింగ్‌కి లండన్ క్లబ్బులు ఏం చేశాయో దీనికి బారాత్ అది చేసింది.

అంటే మన డాన్స్ ఫ్లోర్ బారాత్. ఇంకొకటి వినాయక నిమజ్జనం, ఇంకొకటి బోనాలు. నేనుండే బహదూర్‌పల్లి నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ రోడ్డెక్కితే రెండు పక్కలా ఫంక్షన్ హాళ్లే. ముహూర్తాల రోజుల్లో రాత్రి తొమ్మిది తర్వాత అటు వెళ్లే సాహసం చేసిన ప్రతివాడూ ఏదో ఒక బారాత్ వెనక ఇరుక్కున్నవాడే. మొదట్లో హారన్ కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఇంజన్ ఆపేసి జనాన్ని చూస్తాను. ఏ పాట మారితే ఎవరు దిగుతారు, ఏ పాటకి ఆడవాళ్లు గుంపులోకి వస్తారు, దేనికి పిల్లలు మాత్రమే మిగులుతారు, ఇవన్నీ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. వంద కోట్ల సినిమా పాట వేస్తే చల్లబడిపోయి, పేరు కూడా తెలియని యూట్యూబ్ జానపదం పడగానే ముసలావిడ కూడా చెయ్యెత్తడం చూశాను. కింద నడిచే దెబ్బ మాత్రం ఎక్కువసార్లు తీన్మారే. నిజాంల కాలంలో ఇక్కడికొచ్చిన హద్రమౌత్ అరబ్బులు, సిద్దీల మర్ఫా వాద్యాలతో హైదరాబాద్‌కి అలవాటైన దెబ్బ అది. పాశ్చాత్య డిస్కోలో ప్రతి మాత్రకీ డ్రమ్ము పడుతుంది, శరీరం ఆలోచించక్కర్లేదు. తీన్మార్ కూడా అంతే, డాన్సు రానివాడి చేత కూడా డాన్సు చేయిస్తుంది. నన్ను కూడా, రెండుసార్లు.

మా వాళ్లు దీన్ని "ఊర మాస్" అంటారు. అనే పద్ధతిలోనే ఉంటుంది ఆ చిన్నచూపు. డిస్కోకీ ఇదే జరిగింది. నల్లవాళ్లూ, లాటినోలూ, గే జనమూ ఆడుకున్న క్లబ్బుల్లో పుట్టిన సంగీతం కదా, రాక్ అభిమానులకి అదొక రోత. 1979 జులై 12న షికాగో కోమిస్కీ పార్కులో బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్య డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకొచ్చారు, రెండో మ్యాచ్ ఆడకుండానే పోయింది. మనవాళ్లు అంత దూరం వెళ్లరులెండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారు. ఆ తర్వాత తమ సొంత సంగీత్ ఫంక్షన్‌కి అదే పాట స్టెప్పులు నేర్పమని కొరియోగ్రాఫర్‌ని పిలిపించుకుంటారు.

సరే, లెక్క సంగతి. యూట్యూబ్ వ్యూస్ ఉన్నాయిగా, అదే మన చార్టు అంటారు చాలామంది. బుల్లెట్టు బండికి కోట్లలోనే ఉన్నాయి. కానీ సిస్టమ్స్‌తో రోజూ కుస్తీ పట్టే మనం ఈ అంకెని అంత అమాయకంగా నమ్మకూడదు. 2019 జులైలో బాద్షా పాట "పాగల్" 24 గంటల్లో 7.5 కోట్ల వ్యూస్ తెచ్చుకుంది, అప్పటికి ఉన్న ప్రపంచ రికార్డు బద్దలైందన్నారు. ప్రకటనగా కొన్న వ్యూస్ అందులో కలిశాయని గోల మొదలైంది. అదే ఏడు సెప్టెంబర్లో యూట్యూబ్ ప్రకటన ద్వారా వచ్చిన వ్యూస్‌ని తన మ్యూజిక్ చార్టుల్లోనూ, 24 గంటల రికార్డుల్లోనూ లెక్కించబోనని ప్రకటించింది. అంటే అప్పటిదాకా లెక్కించింది! మీటింగులో చూపించడానికి మెట్రిక్ పెడితే టీమ్ మొత్తం ఆ మెట్రిక్ కోసమే పనిచేయడం మనకి కొత్త కాదు కదా. ఫ్యాన్సు రాత్రంతా ట్యాబులు తెరిచిపెట్టి "మా హీరో పాటకి ఇన్ని గంటల్లో ఇన్ని లక్షల లైకులు" అని పోస్టర్లు వేయడం కూడా ఈ జబ్బే.

కొలత మారితే ఫలితం ఎంత మారుతుందో అమెరికాలో 1991లో తెలిసింది. అప్పటిదాకా షాపులకి ఫోన్ చేసి ఏవి బాగా పోతున్నాయని అడిగేవాళ్లు. కౌంటర్లో ఉన్న కుర్రాడు తనకిష్టమైనవి చెప్పేవాడు. ఆ ఏడాది సౌండ్‌స్కాన్ వచ్చి బార్‌కోడ్ లెక్క చేతికిచ్చింది. ఒక్కసారిగా ర్యాప్, కంట్రీ ఆల్బములు పైకి తేలాయి. సంగీతం ఆ వారంలో మారలేదు, జనమూ మారలేదు. వాళ్లు ఎప్పటినుంచో కొంటున్నారు, లెక్కపెట్టేవాడికే కనపడలేదు.

మన బారాత్ ఇప్పుడు ఆ 1991కి ముందు స్థితిలో ఉంది. నిజానికి అంతకన్నా అధ్వాన్నం. డీజే పెన్ డ్రైవ్‌లోంచి మోగే పాట ఏ సర్వర్‌కీ తెలియదు. మంచిర్యాల వీడియోనే తీసుకోండి. అది అసలు పాట చానెల్లో కన్నా బయట ఎక్కడెక్కడో తిరిగింది. యూట్యూబ్‌లో వేరేవాళ్లు పెట్టిన కాపీల్ని కంటెంట్ ఐడీ పట్టుకోగలదు, హక్కుదారు కావాలంటే ఆ ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. వాట్సాప్‌లో చేతులు మారినదానికి ఏ లెక్కా లేదు. రోడ్డు మీద స్పీకర్లలో మోగినదానికి అంతకన్నా లేదు.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక విషయం ఉంది. 2012లో కాపీరైటు చట్టం మార్చినప్పుడు, రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీలో వాటా ఉండి తీరాలని గట్టిగా రాశారు. జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు చాలా పోరాడిన మార్పు అది. నిర్మాత ఒక చెక్కు ఇచ్చి అన్ని హక్కులూ పట్టుకుపోయే పద్ధతికి అడ్డుకట్ట. చాలా బాగుంది. కానీ అదే చట్టంలో 52వ సెక్షన్లో ఒక మినహాయింపు ఉంది. మతపరమైన వేడుకల్లో పాట వేసుకుంటే హక్కుల ఉల్లంఘన కాదు. వేడుక అంటే ఏమిటో వివరణలో పెళ్లి ఊరేగింపునీ, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలనీ పేరు పెట్టి మరీ చెప్పారు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం ఇంకోసారి నోటీసిచ్చి, పెళ్లిళ్ల దగ్గర రాయల్టీ అడగొద్దని పాటల హక్కుల సంఘాలకి గుర్తుచేసింది. హోటల్లో రిసెప్షన్, ఈవెంట్ కంపెనీ డీజే లాంటి వాటి మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి గానీ, బారాత్ విషయంలో అనుమానమే లేదు.

ఆ మినహాయింపు తీసేయాలని నేననను. కూలి చేసుకునే ఇంట్లో పెళ్లైతే వీధిలో పాట వేసుకున్నందుకు రసీదు పుస్తకం పట్టుకుని ఎవడో రావడం నేను చూడాలనుకోను. కానీ దాని ఫలితం ఏమిటో చూడండి. తెలుగు పాట అన్నిటికన్నా ఎక్కువగా బతికే చోటు, సరిగ్గా డబ్బు అక్కర్లేదని చట్టం చెప్పిన చోటు. డబ్బు రాదు కాబట్టి లెక్కపెట్టాలన్న అవసరం ఎవరికీ లేదు. ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి ఆ పాట హిట్టని ఎక్కడా రాసి ఉండదు. రాసి లేదు కాబట్టి దాన్ని రాసినవాడు ఇంకో పాటకి బేరమాడుకోవడానికి చేతిలో కాగితం ఉండదు. సినిమా పాటల రచయితకైతే కనీసం సినిమా హిట్టయిందన్న ఆధారం ఉంటుంది. యూట్యూబ్ జానపదం చేసేవాడికి అదీ లేదు. పైగా ఒక పాట కాస్త పేలగానే అది "పాత జానపదమే కదా, ఎవరిదీ కాదు" అనేవాళ్లు తయారవుతారు. 2021లోనే "సారంగ దరియా" విషయంలో ఆ పాట ముందు ఎవరి నోట వచ్చింది, పేరు ఎవరికి దక్కాలి అని ఎంత రచ్చ అయ్యిందో గుర్తుంది కదా. జనం నోళ్లలో తిరిగే పాటకి ముందునుంచీ ఎక్కడైనా ఒక నమోదు ఉంటే, అలాంటి గొడవల్లో సగం అయినా తగ్గేవి.

దీనికి పెద్ద ప్లాట్‌ఫాం ఏమీ అక్కర్లేదు. పాట ముక్క విని ఏదో చెప్పే యాప్‌లు మన ఫోన్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. బ్యాండు చప్పుళ్లూ టపాసుల మధ్య కొంచెం కష్టమే, తీన్మార్ కలిపి స్పీడు పెంచిన రీమిక్స్ అయితే ఇంకా కష్టం, ఒప్పుకుంటాను. రాష్ట్రంలో జరిగే ప్రతి బారాత్‌నీ వినక్కర్లేదు కూడా. ఎన్నికల సర్వేలకి ఊరందరినీ అడగరుగా. ఒక సీజన్లో జిల్లాకి కొందరు డీజేల దగ్గర ఏ పాటకి ఎక్కువమంది దిగారో అడిగి, వారానికో జాబితా వేసినా చాలు. మాంకుసో వాళ్లు 1975లో కాగితం మీద చేసిన పని. మా లంచ్ టేబుల్ మేధావులు ఒక వారాంతం కూర్చుంటే అయ్యే పని. సైడ్ ప్రాజెక్టు ఐడియాలు లేవని ఏడ్చేవాళ్లు ఆలోచించండి.

ఈలోపల చేయగలిగింది ఇంకొకటి ఉంది, దానికి కోడు కూడా అక్కర్లేదు. మన డీజే రీమిక్సులు విన్నారుగా? పాట మొదలై పది సెకన్లు కాకముందే డీజే ఫలానా అని ఒక అరుపు వస్తుంది, మధ్యలో ఇంకో రెండుసార్లు. బారాత్‌లో ఆడిన ప్రతివాడికీ ఆ డీజే పేరు తెలుసు. పాట రాసినవాడి పేరు అడిగితే ఒక్కడు చెప్పడు. మొన్న మా అపార్ట్‌మెంట్లో పెళ్లికి వచ్చిన డీజే కుర్రాణ్ణి బుల్లెట్టు బండి రాసిందెవరు తమ్మీ అని అడిగాను. "మోహన అక్క పాడిందన్నా" అన్నాడు. పాడినావిడ సరే, రాసిందెవరు, కొట్టిందెవరు అన్నాను. చెప్పాను. "నాకు చెప్పినవ్ గదా అన్నా, ఇప్పుడు తెలుసు" అని నవ్వాడు. నీ పేరు అరిచే ట్యాగ్‌లోనే ఆ రెండు పేర్లు కూడా ఇరికించరాదా అంటే, లెంగ్త్ ఎక్కువైతదన్నా అన్నాడు. ఎంత ఎక్కువ అంటే, రెండు సెకన్లు.